పేపర్లో వచ్చింది కదా అని పుస్తకంలో వేసేయకండి

మా కావలి, కందుకూరు, ఒంగోలు వైపు ఈమధ్య ఊరి చరిత్రలు, హైస్కూలు వజ్రోత్సవ సంచికలు, పోయిన పెద్దవాళ్ల మీద స్మృతి సంచికలు బాగా వస్తున్నాయి. మంచిదే, ఇంకా రావాలి. కానీ ఏది తెరిచినా సగం పేజీల్లో పేపరు కటింగులే, కింద చిన్న అక్షరాల్లో ఫలానా దినపత్రిక సౌజన్యంతో అని ఒక లైను. వాళ్లని అడిగారా అంటే, పేరు వేశాం కదండీ, ఇంకెందుకు అడగడం అంటారు. పేరు వేయడం మర్యాద. దానివల్ల అచ్చు వేసుకునే హక్కు రాదు. ఈ మాట నేను తెలిసిన డీటీపీ షాపుల్లో చెప్తూనే ఉన్నాను, ఇప్పుడు ఇక్కడా రాస్తున్నాను, ఎందుకంటే మేం కొందరం కలిసి సారా వ్యతిరేక ఉద్యమం మీద అప్పట్లో పేపర్లలో వచ్చిన వార్తలు, వ్యాసాలు, పాఠకుల ఉత్తరాలు ఒక పుస్తకంగా తెస్తున్నాం, ఆ పనిలో ఈ అనుమతుల సంగతి లోతుగా చూడాల్సి వచ్చింది.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా కొట్టు మూయించడం, రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడటం, 1992లో అది మెట్ట మండలాలు దాటి జిల్లా అంతా పాకడం, సారా వేలం పాటలు జరగనివ్వకపోవడం, 1993లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం రావడం, ఇదంతా ఏ రోజుకారోజు ఎక్కడ రాసి ఉందంటే పేపర్లలోనే, అదీ ఎక్కువగా జిల్లా పేజీల్లో. మెయిన్ ఎడిషన్లో నాలుగు లైన్లు వచ్చిన సంగతి జిల్లా టాబ్లాయిడ్‌లో ఊరి పేరుతో, వీధి పేరుతో సహా ఉంటుంది. ఆ టాబ్లాయిడ్లు చాలా ఇళ్లలోంచి పాత పేపర్ల వాళ్లకి కిలోల లెక్కన వెళ్లిపోయాయి. మిగిలినవి ఎవరో ఒక మాస్టారో, మహిళా సంఘం కార్యకర్తో నోటుపుస్తకంలో అంటించి దాచుకున్నవి. వాటిని మళ్లీ అచ్చులోకి తేవాలని నాకు చాలా పట్టుదల. వాటిని రాసినవాళ్లని పక్కకి నెట్టి మాత్రం తేకూడదని అంతకన్నా పట్టుదల.

అందరూ మొదట వేసే ప్రశ్న "ఏ పేపరు?" అని. పుస్తకం వేసేవాళ్లు వేయాల్సిన ప్రశ్న అది కాదు, "ఎవరు రాశారు?" అన్నది. మన కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. అందులో 17వ సెక్షన్ చదవండి, పత్రికల గురించి ప్రత్యేకంగా ఒక క్లాజు ఉంది. పత్రికలో ఉద్యోగం చేసే మనిషి ఆ ఉద్యోగంలో భాగంగా రాసినదాని మీద, పత్రికల్లో ప్రచురించుకునే వరకు హక్కు యజమానిది. మిగతా అన్ని విషయాల్లో మొదటి హక్కుదారు రాసిన మనిషే. వాళ్లిద్దరి మధ్య వేరే ఒప్పందం ఉంటే దాని ప్రకారం. అంటే ఒక స్టాఫ్ రిపోర్టర్ పేరుతో వచ్చిన వ్యాసాన్ని మీరు పుస్తకంలో వేయాలంటే, వేరే ఒప్పందం లేనిచోట ఆ హక్కు రిపోర్టర్ దగ్గరే ఉంటుంది. చాలామంది జర్నలిస్టు మిత్రులకే ఇది తెలియదు! "నా వ్యాసాలతో పుస్తకం వేసుకోవాలంటే ఆఫీసు ఒప్పుకోదేమో" అని రిటైరయ్యాక కూడా టెన్షన్ పడేవాళ్లని చూశాను. ముందు మీ అపాయింట్‌మెంట్ కాగితం తీసి చదువుకోండి సార్ అని చెప్పాను. కొన్ని సంస్థలు అన్ని హక్కులూ మావే అని అందులో రాయించుకుంటాయి, కొన్నిచోట్ల అసలు ఆ ఊసే ఉండదు.

ఇక కంట్రిబ్యూటర్లు. మండలాల్లో విలేకరులు అంటే మనకి తెలిసినవాళ్లే, ఒకాయన బడిపంతులు, ఒకాయన ఎల్ఐసీ ఏజెంటు, ఇంకొకాయనకి బస్టాండు దగ్గర పుస్తకాల షాపు. వాళ్లకి జీతం లేదు, అచ్చయిన వార్తని కొలిచి లైన్ అకౌంట్ అని ఎంతో కొంత ఇచ్చేవాళ్లు. జీతం మీద చేసే ఉద్యోగి కాదు కాబట్టి, హక్కులు రాసిచ్చిన కాగితం ఏదీ లేకపోతే ఆ రాత మీద హక్కు పూర్తిగా ఆయనదే. హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ చెప్తుంది. నోటిమాట చెల్లదు.

సారా ఉద్యమం వార్తల్లో చాలా భాగం ఇలాంటివాళ్లు రాసినవే. సైకిలు మీద ఊళ్లు తిరిగి, రాసిన కవరు సాయంత్రం బస్సులో డ్రైవరు చేతికిచ్చి నెల్లూరు పంపేవాళ్లు. పేరు ఎక్కడా పడేది కాదు. ఊరి పేరు ఉండేది, అంతే. మేం పుస్తకానికి ఎంచుకున్న వార్తల్లో కొన్ని ఎవరు రాశారో ఆ ఊళ్లకే వెళ్లి అడిగి తెలుసుకున్నాం. ఊళ్లో వాళ్లకి గుర్తే, ఫలానా సారే అప్పుడు పేపరుకి రాసేవాడు అని ఇల్లు చూపిస్తారు. మెట్టలో ఒక పెద్దాయన, మేం అనుమతి కాగితం ముందు పెడితే చాలాసేపు ఆ జిరాక్సు కటింగ్ చదువుకుని, "నా రాతకి పర్మిషన్ అడగను వచ్చింది మీరే నాయనా, ఆ పేపరోళ్లు గూడా ఎప్పుడూ నన్ను అడగలా" అన్నాడు. సంతకం పెట్టాడు, డబ్బులు వద్దన్నాడు, పుస్తకంలో పేరు మాత్రం ఇంటిపేరుతో సహా సరిగ్గా వేయమన్నాడు. ఆ కోరిక చట్టంలో కూడా ఉన్నదే, 57వ సెక్షన్. హక్కులు ఎవరికి అమ్ముకున్నా సరే, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు, తన పరువుకి దెబ్బ తగిలేలా ఆ రాతని మారిస్తే అభ్యంతరం చెప్పే హక్కు రచయితకే ఉంటాయి.

ఆయన ఒప్పుకున్నాడు కదా అని పత్రికని వదిలేయకూడదు, రెండు చోట్లా అడగాలి. పత్రికకీ విలేకరికీ మధ్య ఏ కాగితం ఉందో మనకి తెలియదు, ఫొటోలు, కార్టూన్లు వేరేవాళ్లవి ఉంటాయి, పేజీ ఉన్నదున్నట్టు స్కాన్ చేసి వేస్తే అందులో పక్కవార్త, ప్రకటన, పేపరు లోగో అన్నీ వచ్చేస్తాయి. జిల్లా యూనిట్ ఆఫీసుకి వెళ్తే ఎక్కువగా వినిపించే మాట "అది మా చేతుల్లో లేదండీ, హెడ్డాఫీసుకి రాసుకోండి" అని. వాళ్ల తప్పేమీ కాదు, నిజంగానే వాళ్ల చేతుల్లో ఉండదు. కాబట్టి ఎడిటర్‌కీ పబ్లిషర్‌కీ పేరుపేరునా, రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి, ఈమెయిల్‌లో ఒకటి పంపండి. ఆ పేర్లు, అడ్రసు పేపర్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త అంటూ చిన్న అక్షరాల్లో ఉండే లైనులో దొరుకుతాయి. చట్టప్రకారం ప్రతి పత్రికా అది వేసి తీరాలి.

పేపరు మూతపడి ఉంటే? అక్కడ పనికొచ్చేది మార్చి నెల సంచిక. ఫిబ్రవరి ఆఖరు తర్వాత వచ్చే మొదటి సంచికలో ఫారం 4 అని యాజమాన్య వివరాలు, పెట్టుబడిదారుల పేర్లు ఏటా ప్రకటించాలని రూలు ఉండేది. పాత మార్చి సంచిక ఒకటి సంపాదిస్తే ఆ పత్రిక ఎవరిదో, ఏ కంపెనీదో, ఏ ఊళ్లో ఉందో మొత్తం ఉంటుంది. ఆర్‌ఎన్‌ఐ నంబరు, అంటే పత్రికల రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు, దొరికినా వెతకొచ్చు. 1867 నాటి పాత ప్రెస్ చట్టం పోయి 2023 చట్టం వచ్చింది, ఆ ఆఫీసు పేరు ఇప్పుడు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్. పత్రిక మూతపడితే హక్కులు గాల్లో కలిసిపోవు, ఆ కంపెనీ కొనుక్కున్నవాళ్లకో, వారసులకో వెళ్తాయి.

ఉత్తరం ఎలా రాయాలో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే జవాబు రాకపోవడానికి సగం కారణం మన ఉత్తరమే. "మీ పత్రికలో వచ్చిన వార్తలు కొన్ని వాడుకోవడానికి అనుమతి ఇవ్వగలరు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ తేదీ, ఏ ఎడిషన్, ఎన్నో పేజీ, హెడింగు ఏమిటి, ఎవరి పేరు ఉంది, ఒక్కో ఐటమ్‌కి ఒక్కో లైను రాసి కటింగు జిరాక్సు జత చేయండి. పుస్తకం పేరు, ఎన్ని కాపీలు, వెల ఎంత, లేక ఉచితంగా పంచుతారా, పూర్తిగా వేస్తారా కుదిస్తారా, కొత్తగా టైపు చేస్తారా కటింగే స్కాన్ వేస్తారా, ఫొటో కూడా కావాలా, ఈబుక్ ఉంటుందా, రెండో ముద్రణకి కూడా ఇదే అనుమతి సరిపోవాలా, ఇవన్నీ చెప్పండి. పేరు ఎలా వేయాలో వాళ్లనే అడగండి. ఫీజు ఉంటే ఎంతో చెప్పమనండి. కింద "పై విధంగా ప్రచురించుకోవడానికి అనుమతిస్తున్నాం" అని టైపు చేసి సంతకానికి, స్టాంపుకి చోటు వదలండి, అవతలివాళ్లు కొత్తగా ఉత్తరం తయారుచేసే పని తప్పుతుంది. మాకు జవాబులు వచ్చినవి దాదాపు అన్నీ ఆ కాగితం మీదే వచ్చాయి.

కాలం, ప్రదేశం రెండూ తప్పకుండా రాయండి. అనుమతి పత్రంలో ఎంతకాలం అని లేకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లు అనుకుంటుంది, ఎక్కడ అని లేకపోతే ఇండియా వరకే అనుకుంటుంది. మన తెలుగు పుస్తకాలు డల్లాస్‌లో చదివేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి "ప్రపంచమంతటా" అన్న ఒక్క మాట ముందే పెట్టించుకోవాలి. ఇంకోటి, తీసుకున్న హక్కుని ఏడాదిలోపు వాడుకోకపోతే, వేరేగా రాసుకుంటే తప్ప, అది పోతుంది. మనవాళ్ల పుస్తకాలు ప్రూఫుల దగ్గరే ఏడాదులు ఆగిపోతుంటాయి, అందుకని గడువు ఎంతో స్పష్టంగా రాయించుకోవడం మంచిది.

జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టు కాదు. "ఇన్ని రోజుల్లో చెప్పకపోతే మీకు సమ్మతమేనని భావిస్తాం" అని కొందరు ఉత్తరం చివర పెడతారు, దానికి విలువ లేదు. మళ్లీ రాయాలి, ఫోన్ చేయాలి, మర్యాదగా వెంటపడాలి. ఒక పత్రిక నుంచి మాకు ఎంతకీ ఉలుకూ పలుకూ లేదు. ఆ పత్రికలో పేరు లేకుండా వచ్చిన ఐటమ్స్ తీసేశాం. తీసేశాం అంటే ఆ సంఘటనలు తీసేశామని కాదు, అందులోని సంగతులు మా మాటల్లో మేమే రాసి, ఫలానా తేదీ పత్రికలో ఈ వార్త వచ్చింది అని చెప్పాం. సంగతి మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. ఏ ఊళ్లో ఏ రోజు సారా ప్యాకెట్లు తగలబెట్టారన్నది ఎవరైనా రాయొచ్చు, ఆ విలేకరి దాన్ని చెప్పిన వాక్యాలు మాత్రం ఆయనవి. చర్చలో భాగంగా రెండు మూడు వాక్యాలు కొటేషన్ గుర్తుల మధ్య వేసి, ఎక్కడిదో చెప్పి, దాని మీద విమర్శో వివరణో రాస్తే 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. మొత్తం వ్యాసం దించేసి పైన ఒక్క లైను ముందుమాట రాస్తే అది విమర్శ కాదు. ఇన్ని పదాల వరకు ఫ్రీ అని ఒక లెక్క చెప్తారు చూశారా, అలాంటి లెక్క చట్టంలో ఎక్కడా లేదు.

మరి పత్రికలు ఒకదానిలోది ఒకటి వేసుకుంటాయి కదా అంటారు. వర్తమాన రాజకీయ, ఆర్థిక, సామాజిక, మత విషయాల మీద వచ్చిన వ్యాసాన్ని ఇంకో పత్రిక వేసుకోవడానికి, రచయిత ఆ హక్కు నాదే అని ప్రత్యేకంగా ప్రకటించకపోతే, చట్టంలో వెసులుబాటు ఉంది. అది పత్రికలకి, మన పుస్తకానికి వర్తించదు.

పాఠకుల ఉత్తరాల సంగతి చాలామంది మర్చిపోతారు. లేఖల కాలమ్‌లో వచ్చిన ఉత్తరం రాసినవాళ్లదే. 1992లో వింజమూరు నుంచో, ఉదయగిరి నుంచో కార్డు మీద నాలుగు మాటలు రాసి పంపిన ఒక ఆడమనిషి ఇప్పుడు ఎక్కడ ఉందో వెతకడం కష్టమే, కానీ ఆ నాలుగు మాటలు మొత్తం పుస్తకానికే బలం. వెతికాం, కొందరు దొరికారు. కొందరు చనిపోయారు. వాళ్ల పిల్లల దగ్గర సంతకం తీసుకున్నాం, కాపీరైట్ కూడా ఆస్తిలాగే వారసులకి వస్తుంది, ఇద్దరు ముగ్గురు ఉంటే అందరూ పెట్టాలి. ఒక ఇంట్లో కొడుక్కి వాళ్లమ్మ పేపరుకి ఉత్తరం రాసిందన్న సంగతే తెలియదు, ఫోన్లో ఫొటో తీసుకుని చెల్లెళ్లకి పంపాడు. వార్త కింద పీటీఐ, యూఎన్ఐ అని ఉంటే పేపరుని కాదు, ఆ ఏజెన్సీనే అడగాలి.

పాత పత్రికల మీద పనిచేసేవాళ్లకి కొంచెం ఊరట ఉంది. రచయిత పోయిన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1957లో పోయారు, అంటే 2017 డిసెంబరు 31తో అయిపోయింది, 1921లో మద్రాసులో పెట్టిన స్వరాజ్య పత్రికలో ఆయన పేరుతో వచ్చినవి ఇప్పుడు ఎవరైనా వేసుకోవచ్చు, ఒంగోలు వాళ్లు ఎవరైనా ఆ పని తలపెడితే నేను మొదటి కాపీ కొంటాను. 1965లో గానీ అంతకుముందు గానీ పోయినవాళ్ల రాతలన్నీ 2026 జనవరి 1 నాటికి స్వేచ్ఛగా దొరికినట్టే. రాసినవాళ్ల పేరు లేకుండా, ఎవరో బయటపడకుండా ఉన్న వార్తలకి అచ్చయిన ఏడాది నుంచి ఇదే 60 ఏళ్ల లెక్క. పొట్టి శ్రీరాములు గారు పోయిన 1952 డిసెంబరులో వచ్చిన పేరు లేని వార్తలు 2012తో బయటికొచ్చేశాయి. 1992 నాటి మా పేరు లేని వార్తలు మాత్రం 2052 చివరి దాకా ఆగాలి, అప్పటిదాకా ఆగేంత ఓపిక ఆ ఉద్యమంలో ఉన్న ఆడవాళ్లకి ఉండదు కాబట్టే ఈ తిరుగుడంతా. ఫొటోల లెక్క 2012 సవరణతో మారింది, ఇప్పుడు ఫొటోగ్రాఫర్ జీవితకాలం మీద 60 ఏళ్లు, పాత ఫొటో కదా అని ధీమాగా ఉండకండి.

పాత సంచికలు ఎక్కడ చూడాలి అని అడుగుతుంటారు. వేటపాలెం సారస్వత నికేతనం, 1918లో పెట్టిన గ్రంథాలయం, మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలోదే, ఇప్పుడు బాపట్ల జిల్లా అయింది. పాత తెలుగు పత్రికలకి ఆ గ్రంథాలయానికి ఉన్న పేరు అందరికీ తెలిసిందే. నెల్లూరు నుంచే స్వాతంత్ర్యానికి ముందు నుంచీ వస్తున్న జమీన్ రైతు వారపత్రికని మన జిల్లా గురించి రాసేవాళ్లు ఎవరూ వదలకూడదు. పాత పత్రికల్ని స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్ మరొకటి. కానీ గ్రంథాలయం వాళ్లు ఫొటో తీసుకోనిచ్చారంటే అది చదువుకోవడానికి, రాసుకోవడానికి. అచ్చు వేసుకోమని చెప్పే హక్కు వాళ్లకీ ఉండదు. నెట్‌లో ఉంది కదా అన్నది కూడా అంతే.

రచయిత ఎంత వెతికినా దొరక్కపోతే చట్టంలో 31ఎ అని ఒక దారి ఉంది. ముందు దేశంలో ఎక్కువ భాగం చదివే ఒక ఇంగ్లిష్ దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి, తర్వాత లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. ఒకప్పుడు కాపీరైట్ బోర్డు చూసేది, తర్వాత అప్పిలేట్ బోర్డుకి పోయింది, 2021లో దాన్నీ తీసేశాక కోర్టుకే వెళ్లాలి. పెద్ద ప్రచురణకర్తలకి సరే, చందాలు వేసుకుని పుస్తకం తెచ్చే మనలాంటివాళ్లకి ఆ ప్రకటన ఖర్చుతో రెండో పుస్తకం వస్తుంది. దీనికి చిన్న పుస్తకాల కోసం సులువైన పద్ధతి ఒకటి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. జిల్లా చరిత్ర రాసేవాళ్లందరికీ ఇదే అడ్డు.

మా పుస్తకంలో ఇంకా కొన్ని వార్తలకి రాసినవాళ్లు తేలలేదు. 1991 నుంచి 1993 దాకా కలిగిరి, కొండాపురం, వింజమూరు, ఉదయగిరి, దుత్తలూరు మండలాల నుంచి ఏ పత్రికకైనా రాసిన కంట్రిబ్యూటర్లు మీ ఇంట్లో గానీ, మీ ఊళ్లో గానీ ఉంటే, లేదా ఆయన పోయి ఇంట్లోవాళ్లు ఉంటే, కింద కామెంట్లో ఊరి పేరు మాత్రం రాయండి, ఫోన్ నంబర్లు అందరికీ కనపడేలా పెట్టొద్దు, మేమే వచ్చి కలుస్తాం. కటింగులు దాచినవాళ్లు ఉంటే వాటి మీద తేదీ, పత్రిక పేరు ఇప్పుడే పెన్సిలుతో రాసి పెట్టండి.